గెనిచిరో దగ్గర ఆగిపోయారా? ముందు వెనక్కి జరగడం మానండి

మీరు అడిగింది ఇదీ: సెకిరో అనే వీడియో గేమ్‌లో ఆషినా కోట పైఅంతస్తులో గెనిచిరో అనే బాస్ (పెద్ద శత్రువు) దగ్గర రెండు వారాలుగా ఆగిపోయారు. వాడికున్న మూడు ప్రాణాల్లో మొదటిది తీస్తున్నారు, రెండోది ఎప్పుడైనా ఒకసారి తీస్తున్నారు, మూడోదాంట్లో పిడుగు పడగానే కథ ముగుస్తోంది. దూరంగా తిరుగుతూ, సందు దొరికినప్పుడు ఒకటి రెండు దెబ్బలు వేసి మళ్లీ వెనక్కి వచ్చేస్తున్నానని కూడా రాశారు. చిక్కంతా ఈ చివరి మాటలోనే ఉంది.

మీ చేతివేగం తక్కువై ఓడిపోవడం లేదు. కొట్టి పారిపోయే అలవాటు వల్ల ఓడిపోతున్నారు. సెకిరో చేసిన కంపెనీదే అయిన డార్క్ సోల్స్ ఆడి వచ్చినవాళ్లందరికీ ఈ అలవాటు ఉంటుంది. అక్కడ అది పనిచేస్తుంది. 2019 మార్చిలో వచ్చిన సెకిరోలో లెక్క వేరు, ఆ లెక్క తెలియకుండా ఎన్నిసార్లు ఆడినా అక్కడే ఆగుతారు.

శత్రువుకి రెండు బార్‌లు ఉంటాయి. ఎడమవైపు పైన కనిపించేది ప్రాణం బార్, అంటే ఆ ప్రాణంలో ఇంకా ఎంత మిగిలిందో చూపేది. తెర పైభాగంలో మధ్య నుంచి రెండు పక్కలకీ పసుపురంగులో పెరిగేది పోశ్చర్, అంటే నిలకడ ఎంత దెబ్బతిందో చూపేది. ఈ రెండోది నిండితే చాలు, ప్రాణం బార్ ఎంత మిగిలి ఉన్నా డెత్‌బ్లో (ఒక ప్రాణాన్ని ఒక్కసారిగా తీసే దెబ్బ) కొట్టవచ్చు. మీరు దూరం జరిగిన ప్రతిసారీ వాడి పోశ్చర్ తగ్గిపోతుంది. ఐదు సెకన్లు చుట్టూ తిరిగి వచ్చేసరికి మీరు కష్టపడి పెంచినదంతా పోతుంది. చిల్లుకుండలో నీళ్లు పోస్తున్నట్టే.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. పోశ్చర్ ఎంత వేగంగా తగ్గాలన్నది ప్రాణం బార్ మీద ఆధారపడి ఉంటుంది. ప్రాణం నిండా ఉంటే వాడు ఇట్టే కోలుకుంటాడు. సగానికి దిగితే కోలుకోవడం బాగా నెమ్మదిస్తుంది. కాబట్టి ప్రతి ప్రాణానికీ ముందు ప్రాణం బార్‌ని సగం వరకు కోయండి. ఈ దశలో పోశ్చర్ గురించి బెంగ వద్దు. సగం దాటాక వదలకుండా దగ్గరే నిలబడి డిఫ్లెక్ట్‌లతో (అవేంటో కింద చెప్తాను) పోశ్చర్ నింపండి. మీ పోశ్చర్‌కీ ఇదే సూత్రం. మీ ప్రాణం తక్కువగా ఉన్నప్పుడు అది నెమ్మదిగా తగ్గుతుంది. గార్డ్ (అడ్డుపెట్టే) బటన్ నొక్కి పట్టుకుని నిలబడితే త్వరగా తగ్గుతుంది. బార్ నిండబోతోందని కంగారుపడి పరిగెత్తేకంటే, రెండడుగులు వెనక్కి వేసి ఒక్క క్షణం గార్డ్ పట్టుకోవడం మేలు.

ఇప్పుడు డిఫ్లెక్ట్ సంగతి. గెనిచిరోని ఈ ఆట అక్కడ పెట్టిందే దీన్ని నేర్పడానికి. గార్డ్ బటన్ (ప్లేస్టేషన్‌లో ఎల్1, ఎక్స్‌బాక్స్‌లో ఎల్‌బీ, పీసీలో మౌస్ కుడి బటన్) ముందే నొక్కి పట్టుకుని ఉంటే అది మామూలు అడ్డు. కత్తి మీకు తగలబోయే క్షణంలో నొక్కితే డిఫ్లెక్ట్. అడ్డుపెడితే మీ పోశ్చర్ బాగా పెరుగుతుంది, వాడిది పెద్దగా పెరగదు. డిఫ్లెక్ట్ చేస్తే వాడిది పెరుగుతుంది. పైగా మీ బార్ పూర్తిగా నిండిపోయినా సరైన డిఫ్లెక్ట్ మీద మీ నిలకడ విరగదు. బార్ అంచుకి చేరినప్పుడు మరో డిఫ్లెక్ట్ కొట్టడమే అన్నిటికంటే క్షేమం. వినడానికి తలకిందులుగా ఉంటుంది కానీ నిజం.

చాలామంది చేసే తప్పు బటన్‌ని గబగబా కొట్టేయడం. వెంటవెంటనే నొక్కుతుంటే డిఫ్లెక్ట్‌కి దొరికే సమయాన్ని ఆట కుదించేస్తుంది. పది నొక్కితే ఒకటైనా తగలదా అనుకుంటారు, ఆ పది వల్లే ఒక్కటీ తగలదు. ఒక దెబ్బకి ఒక నొక్కు. నొక్కిన వెంటనే వేలు తీసేయకండి, అర క్షణం ఉంచి వదలండి. కాస్త ముందుగా నొక్కినా అది కనీసం అడ్డుగా మారుతుంది, దెబ్బ తినరు. ఆలస్యమైతే మాత్రం నేరుగా ఒంటికి తగులుతుంది. అందుకే సందేహం ఉంటే ముందే నొక్కండి.

కోలాటం ఆడినవాళ్లకి ఇది త్వరగా పట్టుబడుతుంది. ఎదుటివాళ్ల కర్ర ఎక్కడికి వస్తుందో కళ్లతో చూసి కొట్టరు, తాళాన్ని బట్టి చెయ్యి దానంతటదే వెళ్తుంది. గెనిచిరో దెబ్బలకీ తాళం ఉంది, అయితే అది సమతాళం కాదు. రెండు త్వరగా పడతాయి, తర్వాతది ఆగి పడుతుంది. ఆ ఆగిన దెబ్బకే అందరూ ముందుగా నొక్కేస్తారు. కత్తిని కాక వాడి భుజాన్ని చూడండి. కత్తి వేగానికి కన్ను చాలదు, భుజం కదలిక మాత్రం ముందే తెలుస్తుంది.

శబ్దం ఇంకా ముఖ్యం. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆడండి. మామూలు అడ్డుకి చెక్క మీద కొట్టినట్టు మొద్దు చప్పుడు వస్తుంది, నిప్పురవ్వలు కొద్దిగా లేస్తాయి. డిఫ్లెక్ట్‌కి ఇత్తడి గంట మీద కొట్టినట్టు ఖంగున మోగుతుంది, రవ్వలు పెద్దగా విచ్చుకుంటాయి. మీరు కొడుతున్నప్పుడూ ఈ తేడా వినాలి. మీ దెబ్బని వాడు మొద్దు చప్పుడుతో ఆపుతున్నంతసేపూ మీరు కొడుతూనే ఉండవచ్చు. ఖంగుమని మోగిందంటే వాడు మిమ్మల్ని డిఫ్లెక్ట్ చేశాడు, వంతు మారింది. ఇంకో దెబ్బ వేయబోతే మీరే తింటారు. ఆ మోత వినగానే వేలు దాడి బటన్ మీద నుంచి గార్డ్ మీదికి రావాలి. మామూలుగా మీ రెండో మూడో దెబ్బ తర్వాత ఇది జరుగుతుంది. వాడి వరస అయ్యేదాకా డిఫ్లెక్ట్ చేయండి, అయిన వెంటనే మళ్లీ మీ వంతు తీసుకోండి. మొత్తం పోరాటం ఈ వంతుల మార్పిడే. వాడు ఆగిన క్షణంలో మీరూ ఆగితే వాడే మళ్లీ మొదలుపెడతాడు. ఆ చొరవ వాడికి ఇవ్వకండి.

ఇక ఎర్రటి జపనీస్ అక్షరం. అది తెర మీద మెరిస్తే వచ్చే దెబ్బని మామూలుగా అడ్డుకోలేరని అర్థం. గెనిచిరో దగ్గర ముఖ్యంగా రెండు రకాలు: పొడుపు, కాళ్లని తుడిచే అడ్డకోత. రెండింటికీ అదే అక్షరం, అదే చప్పుడు. కాబట్టి అక్షరాన్ని చూసి బటన్ నొక్కకండి. అది కళ్లు తెరవమనే హెచ్చరిక మాత్రమే, ఏం చేయాలో చెప్పేది వాడి ఒళ్లు. కత్తి మొన మీవైపు తిరిగి చెయ్యి వెనక్కి లాగితే పొడుపు. ఒళ్లు కిందికి వంచి కత్తిని పక్కకి దించితే కోత.

పొడుపుకి మికిరీ కౌంటర్ అనే ఎదురుదెబ్బ. షినోబీ ఆర్ట్స్ నైపుణ్యాల్లో అది తీసుకుని ఉండకపోతే ఇప్పుడే తీసుకోండి, మిగతావన్నీ తర్వాత. తప్పుకునే బటన్ (ప్లేస్టేషన్‌లో సర్కిల్, ఎక్స్‌బాక్స్‌లో బీ, పీసీలో షిఫ్ట్) నొక్కాలి. స్టిక్ ముందుకి ఉండాలి, లేదా అసలు కదపకూడదు. చాలామందికి మికిరీ పడకపోవడానికి కారణం భయంతో స్టిక్ వెనక్కో పక్కకో లాగడం. అప్పుడది మామూలు తప్పుకోవడం అయిపోతుంది, పొడుపు వెంటాడి తగులుతుంది. సరిగ్గా పడితే మీ కాలు వాడి కత్తిని నేలకి తొక్కుతుంది, పోశ్చర్ ఒక్కసారిగా ఎగుస్తుంది. కోతకి పైకి ఎగరండి. గాల్లో వాడి మీదికి వచ్చినప్పుడు జంప్ మళ్లీ నొక్కితే తల మీద తన్ని పైకి లేస్తారు. దానికీ పోశ్చర్ బాగా పెరుగుతుంది. పొడుపుని సరైన సమయానికి డిఫ్లెక్ట్ కూడా చేయవచ్చు, కోతని చేయలేరు.

ఈ రెండూ ఎక్కువగా ఎప్పుడు వస్తాయో తెలిస్తే సగం భారం తగ్గుతుంది. వాడు పైకి ఎగిరి రెండు చేతులతో కత్తిని నేలకేసి కొడతాడు కదా, దాని వెంటే పొడుపో కోతో వస్తుంది. కాబట్టి ఆ ఎగురు దెబ్బ డిఫ్లెక్ట్ చేయగానే మీరు దాడికి తొందరపడకండి. ఒక్క క్షణం వాడి కత్తి ఎటుందో చూడండి. మీరు రెండో ప్రాణంలో పోతున్నది బహుశా ఇక్కడే. ఎగురు దెబ్బ ఆపిన ఆనందంలో కొట్టడానికి వెళ్లి పొడుపుకి ఎదురెళ్తారు.

విల్లు గురించి క్లుప్తంగా. దూరం ఉంటేనే బాణాలు. వాడు వెనక్కి ఎగిరి బాణం వేస్తే డిఫ్లెక్ట్ చేస్తూ పరుగెత్తి దగ్గరికి చేరండి. దూరంలో నిలబడి ప్రాణం నింపే మందు తాగాలని చూస్తే బాణం గానీ దూకుడు గానీ ఖాయం. మందుండే సొరకాయ బుర్ర ఎత్తడం వాడికి పిలుపులాంటిది.

అయితే మందు ఎప్పుడు తాగాలి? డెత్‌బ్లో కొట్టాక వాడు మళ్లీ లేచేలోపు ఒకటి తాగేంత వ్యవధి ఉంటుంది. పోరులో అన్నిటికంటే నమ్మకమైన సమయం అదే, వృథా చేయకండి. మికిరీ పడిన తర్వాతా వీలవుతుంది, కానీ ఆ సమయాన్ని దెబ్బలకి వాడుకోవడమే మంచిది. ప్రాణం సగం ఉన్నప్పుడు బెదిరి తాగేవాళ్లు ఎక్కువ. మీ బుర్రలో ఒక్కో గుక్క ఎంత నింపుతుందో చూసుకుని, అంత ఖాళీ అయ్యాకే తాగండి. పునర్జన్మ (చనిపోయాక అక్కడికక్కడే మళ్లీ లేవడం) విషయంలోనూ ఒక నియమం ఉంది. ఒకసారి లేచాక మిగిలిన గుర్తు మీద గీత పడి మూసుకుపోతుంది, ఇంకో డెత్‌బ్లో కొట్టాకే తెరుచుకుంటుంది. మొదటి ప్రాణంలోనే పునర్జన్మ వాడేశారంటే, డెత్‌బ్లో కొట్టేదాకా మీకు రెండో అవకాశం లేదన్నమాట.

మూడో ప్రాణం. వాడు కవచం విప్పేస్తాడు, పిడుగుని వాడే టొమోయె పద్ధతి మొదలవుతుంది. పిడుగుకి భయపడి ఇక్కడ అందరూ దూరం పోతారు, దూరం పోతే పిడుగు ఇంకా ఎక్కువ వేస్తాడు. పిడుగు మీకు శత్రువు కాదు, ఈ దశలో మీ చేతికి దొరికే అతి పెద్ద ఆయుధం అదే. కోటలోనే గోడకి వేలాడే రాతలో దీని రహస్యం ఉంది, పరుగులో చూడకుండా వచ్చేసి ఉంటారు.

సూత్రం ఇది. కాళ్లు నేల మీద ఉండగా పిడుగు తగిలితే భారీ నష్టం, పైగా ఒళ్లు కొయ్యబారిపోతుంది. గాల్లో ఉండగా తగిలితే అది మిమ్మల్ని పట్టుకుని ఉంటుంది, ఇంకా కాల్చదు. నేలకి దిగేలోపు దాడి బటన్ (ఆర్1, ఆర్‌బీ, లేదా మౌస్ ఎడమ బటన్) నొక్కితే అదే పిడుగు తిరిగి వాడి మీద పడుతుంది. వాడు కాసేపు వణుకుతూ నిలబడిపోతాడు, ప్రాణమూ పోశ్చరూ రెండూ దెబ్బతింటాయి.

ఎక్కడ తప్పుతుందంటే, వాడు ఎగరగానే మీరూ ఎగురుతారు. అప్పుడు పిడుగు వచ్చేసరికి మీరు నేల మీదికి దిగిపోయి ఉంటారు. వాడు పైకి లేచి, గాల్లో ఒక్క క్షణం వేలాడినట్టు ఆగి, మెరుపు పోగుచేసుకుంటాడు. మీరు ఎగరాల్సింది ఆ ఆగే క్షణంలో. పిడుగు తగలగానే దాడి బటన్ వెంటనే నొక్కండి, చివరి క్షణం దాకా లాగకండి. గాల్లో గార్డ్ నొక్కే అలవాటుంటే మానుకోండి. మొదట్లో రెండు మూడు పోరాటాలు దీనికే కేటాయించండి. గెలవాలని కాకుండా పిడుగు తిప్పడం కోసమే మూడో దశకి వెళ్లండి. నాలుగైదు సార్లు పడ్డాక వాడు ఎగరడం చూస్తే సంతోషం వేస్తుంది. మామూలు దెబ్బల విషయానికొస్తే మూడో దశలో కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ. మొదటి రెండు ప్రాణాల్లో చేసిందే చేస్తూ దగ్గరే ఉండండి.

సాధన ఎలా చేయాలో చెప్తాను. పాత గుడి దగ్గర హాన్బే అనే చావులేని మనిషి ఉంటాడు, అతనితో డిఫ్లెక్ట్, మికిరీ విడివిడిగా సాధన చేయవచ్చు. మికిరీ పది పొడుపులకి ఎనిమిది పడేదాకా అక్కడే ఉండండి. తర్వాత గెనిచిరో దగ్గరికి వెళ్లి మొదటి మూడు పోరాటాల్లో దాడి బటన్ అసలు ముట్టకండి. ఎంతసేపు నిలబడగలరో చూడండి, అంతే. దాడి ఆలోచన తీసేస్తే వాడి వరసలు చెవికి ఎక్కుతాయి. నిమిషం పాటు మందు తాగకుండా నిలబడగలిగితే మొదటి ప్రాణం మీ చేతిలో ఉన్నట్టే. ఒకేసారి నలభై పోరాటాలు ఆడకండి. పది ఆడి లేవండి. చేతులు అలసిపోతే మళ్లీ బటన్ గబగబా కొట్టడం మొదలవుతుంది, తప్పుడు అలవాటు ఇంకా ముదురుతుంది.

సామాన్ల విషయం. ప్రార్థన పూసలు నాలుగు చేరితే శిల్పి ఐడల్ (విశ్రాంతి తీసుకునే చిన్న విగ్రహం) దగ్గర ఒక మాలగా మార్చుకోవచ్చు, ప్రాణమూ పోశ్చరూ పెరుగుతాయి. చేతిలో మూడు పూసలు పెట్టుకుని ఆగిపోయి ఉంటే నాలుగోది తెచ్చుకుని రండి. హిరాతా ఎస్టేట్ అనే ప్రాంతంలో వదిలేసిన చిన్న బాస్‌లు ఉన్నారేమో చూడండి. మందు గుక్కలు పెంచే బుర్ర గింజలు వైద్యురాలు ఎమ్మాకి ఇచ్చారా? సంచిలోనే మరిచిపోయినవాళ్లు చాలామంది. మీ పాత్రకున్న కృత్రిమ చేతికి టపాకాయలు మంచివి. ఆషినా పొలిమేరల్లోని వర్తకుడి దగ్గర రాబర్ట్ టపాకాయలు 500 సెన్ (ఆటలోని డబ్బు), కొని పాత గుడిలోని శిల్పికి ఇస్తే బిగిస్తాడు. గెనిచిరో దాడి మొదలుపెట్టకముందు పేలిస్తే తడబడతాడు, రెండు మూడు దెబ్బలకి సందు దొరుకుతుంది. వరసగా పేలిస్తే ప్రభావం తగ్గుతుంది, కాబట్టి ప్రాణం బార్ కోయాల్సిన మొదటి సగంలో పొదుపుగా వాడండి. ఇనుప గొడుగు కూడా పనికొస్తుంది కానీ, దాని వెనక దాక్కుంటే డిఫ్లెక్ట్ ఎప్పటికీ రాదు. ఈ బాస్‌కి నేనైతే దాన్ని సూచించను.

ఒకటి తప్పకుండా సరిచూసుకోండి. సెన్పో గుడి కొండల్లో దెయ్యపు గంట మోగించారా? మోగించి ఉంటే శత్రువులందరూ మరింత బలంగా తయారవుతారు. సంచిలో బెల్ డెమన్ అనే వస్తువు కనిపిస్తే దాన్ని వాడేయండి, ఆ శాపం పోతుంది. తెలియక ఆ గంట కొట్టి, గెనిచిరో మరీ ఇంత గట్టివాడా అనుకునేవాళ్లు ఉన్నారు.

ఇన్నిసార్లు చనిపోతే ఆటలోని మిగతా మనుషులకి డ్రాగన్ జబ్బు పాకుతుందని బెంగపడుతున్నారేమో. పాకుతుంది, అదృశ్య సాయం (చనిపోయినా ఏమీ పోకుండా ఉండే అవకాశం) మొదట ఉండే 30 శాతం నుంచి తగ్గుతుంది కూడా. కానీ డ్రాగన్ రక్తబిందువు అనే వస్తువుతో అందరికీ ఒకేసారి నయమవుతుంది. కాబట్టి ఆ బిందువుని గెనిచిరో అయ్యాక వాడండి, మధ్యలో వాడితే మళ్లీ పాకుతుంది. చావుకి సగం సెన్ పోతుంది, అందువల్ల పోరాటానికి ముందే డబ్బు సంచులు కొనేసుకోండి. సంచిలో ఉన్నది పోదు. అనుభవం పాయింట్లు సగం పోయినా, ఇప్పటికే పూర్తయిన నైపుణ్య పాయింట్లు పోవు.

టీవీ మీద ఆడుతుంటే సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. సినిమా మోడ్‌లో బొమ్మని చక్కబెట్టడానికి టీవీ సమయం తీసుకుంటుంది, మీరు చూసేసరికి దెబ్బ ఇప్పటికే పడి ఉంటుంది. ఇలాంటి ఆటలో అది గెలుపోటముల తేడా. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో శబ్దం వెనకబడుతుంది, వైరుది వాడండి. పీసీలో ఆట సెకనుకి 60 ఫ్రేమ్‌ల దగ్గర కట్టేసి ఉంటుంది. మీ మెషిన్ అది నిలబెట్టలేక 40కీ 60కీ మధ్య ఊగుతుంటే గ్రాఫిక్స్ తగ్గించేయండి. అందం కొంచెం పోయినా తాళం నిలకడగా ఉండాలి.

మూడో డెత్‌బ్లో పడ్డాక గెనిచిరో స్మృతి వస్తుంది. దాన్ని ఐడల్ దగ్గర ఉపయోగించి మీ దాడి శక్తి పెంచుకున్నాకే ముందుకి కదలండి. అంతవరకూ వచ్చేలోపు ఎక్కడైనా మళ్లీ ఆగితే, ఎన్నో ప్రాణంలో, వాడి ఏ దెబ్బకి, అప్పుడు మీ వేలు ఏ బటన్ మీద ఉందో రాయండి. ఆ మూడూ తెలిస్తే తప్పు ఎక్కడో చెప్పవచ్చు.